టేబుల్ మీద పెట్టిన గొడుగు

ఆ సోమవారం ఉదయం గొడుగులు కొనడానికి వచ్చిన ఆమె రెండు చేతులకూ పచ్చ పెయింటు అంటుకుంది. తప్పు తనది కాదు, ఇంగ్లీషుదేనని ఇంజనీరు ఇప్పటికీ వాదిస్తాడు.

గొడుగులు తయారుచేసే ఆ కార్ఖానాలో అతన్ని అందరూ ఇంజనీరనే పిలుస్తారు. అమ్మా నాన్నా పోయాక చిన్నప్పటినుంచీ పెంచింది పెద్దమ్మ. ఆ కార్ఖానా ఆమెదే. మెకానికల్ చదువు పూర్తి కాగానే అతను ఇంకెక్కడా ఉద్యోగం వెతుక్కోకుండా పెద్దమ్మ పక్కన వచ్చి నిలబడ్డాడు. పాత భవనం. కింది అంతస్తులో తోటల్లోనూ హోటళ్ళ ముందూ వేసే పెద్ద గొడుగులు, చేత పట్టుకునే మామూలు గొడుగులు తయారవుతాయి. మధ్య అంతస్తులో గుడ్డ కత్తిరింపు, కుట్టు. ఆపైన ఆఫీసు. దాని నెత్తిన డాబా.

ఇంజనీరుకు ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. వ్యాకరణం నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాడు. కాకపోతే అతను చదువుకున్న ఇంగ్లీషు పుస్తకంలో మనుషులు హెడ్మాస్టరుకు సెలవు చీటీలు రాసుకునేవారు, పోస్టుమాస్టరుకు అర్జీలు పెట్టుకునేవారు. వ్యాపారం మాత్రం చేసేవారు కాదు.

అలాంటివాడికి పెద్ద పెద్ద దుకాణాల గొలుసు ఒకటి నడిపే కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. సరుకు కొనుగోళ్ళు చూసే ఆవిడ రాసింది. సోమవారం అటువైపు వస్తానని, 'టచ్ బేస్' చేద్దామని అందులో సారాంశం.

తోటల్లో వేసే గొడుగు గాలికి పడిపోకుండా అడుగున బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది. దాన్ని ఈ పనిలో ఉన్నవాళ్ళంతా బేస్ అంటారు. ఇంజనీరు మెయిలు చదివి, మళ్ళీ చదివి, పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి ఆవిడ బేసులు ముట్టుకుని చూస్తుందట అని చెప్పాడు. పెద్దమ్మ కత్తెర ఆపకుండానే, ముట్టుకుంటే ముట్టుకోనీ, తుప్పు చేతికంటితే మన పరువు పోతుంది జాగ్రత్త అంది. దాంతో ఉన్న దిమ్మలన్నిటికీ ఆదివారం పచ్చ పెయింటు కొట్టించాడు. సాయంత్రానికి ముసురు పట్టింది. పెయింటు ఆరలేదు.

ఆమె చెప్పిన వేళకే వచ్చింది. భుజాన బరువైన బ్యాగు, చెవిలో ఫోను, ముఖాన ఎవరినో అప్పుడే కసిరి వచ్చిన గాంభీర్యం. ముందు టచ్ బేస్ చేసేద్దామా అంటూ కుర్చీ కోసం అటూ ఇటూ చూసింది.

"అన్నీ సిద్ధంగా ఉన్నాయి మేడమ్. ఏది ముందు ముట్టుకుంటారో మీ ఇష్టం," అన్నాడు ఇంజనీరు, వరసగా పేర్చిన దిమ్మలకేసి చేయి చూపిస్తూ.

సరుకు చూపిస్తున్నాడు కాబోలు, కాదనడం మర్యాద కాదనుకుని ఆమె వంగి రెండు అరచేతులూ మొదటి దిమ్మ మీద ఆనించింది. తీసి చూసుకుంది. తర్వాత అతన్ని చూసింది.

"నా ఇంగ్లీషు మీద జోకులేస్తున్నారా?"

"లేదండీ. మీరే రాశారు," అని అతను ఫోను తీసి మెయిలు చూపించాడు. ఆమె చదివింది. కోపానికీ నవ్వుకూ మధ్య పెదవులు కాసేపు కుస్తీ పట్టాయి. చివరికి కోపమే గెలిచినట్టు కనిపించింది గానీ కళ్ళు మాత్రం కోపం వైపు చేరలేదు.

పెద్దమ్మ కిరోసిన్ గుడ్డ తెచ్చి, చంటిపిల్లకు తుడిచినట్టు ఆమె చేతులు తుడిచింది. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటని ఇంజనీరు అడిగాడు. ఊరికే కలుసుకుని నాలుగు ముక్కలు మాట్లాడుకోవడమని ఆమె చెప్పింది.

"ఆ ముక్కే రాయొచ్చు కదండీ?"

"ఆ ముక్కే రాస్తే మా ఆఫీసులో జీతం ఇవ్వరు," అందామె.

గోళ్ళ అంచున పచ్చరంగు చాలా రోజులు వదల్లేదు. వీడియో మీటింగుల్లో ఆమె చేతులు టేబుల్ కింద దాచుకునేదని అతనికి తర్వాత తెలిసింది.

నల్ల గొడుగుల ఆర్డరు ఒకటి ఖాయమైంది. ఆ పని చూసుకోవడానికి ఆమె తరచుగా రావలసి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక కొత్త మాట పట్టుకొచ్చేది. ఒకసారి నమూనా ఎప్పటికి అవుతుందో 'బాల్‌పార్క్' చెప్పమంది. అతను పాపం కిటికీలోంచి చూసి, బడి వెనకాల ఒక మైదానం ఉంది గానీ అక్కడ ఎండబెట్టనివ్వరని చెప్పాడు. ఇంకోసారి హెడ్డాఫీసు వాళ్ళు 'కార్నర్లు కట్ చేయొద్దు' అన్నారని చెబితే పెద్దమ్మకు నిజంగానే కోపం వచ్చింది. మూలలు కత్తిరించకుండా గొడుగు గుడ్డ ఎలా వస్తుందో ఆ మహానుభావుల్నే వచ్చి కుట్టి చూపించమంది. పని ఎగ్గొట్టి నాసిరకం చేయొద్దని దాని భావమని ఆమె నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అయితే తడబాటు ఒకవైపే కాదు. ఆమె నాన్నది బదిలీల ఉద్యోగం. ఊరూరూ తిరిగి, ఊరికో హాస్టల్లో పెరిగింది. మామూలుగా మాట్లాడటం వచ్చు గాని, నుడికారాల జోలికి వెళితే ఆమె తెలుగు తిన్నావా, పడుకున్నావా, ఫోను పెట్టేయనా దగ్గరే ఆగిపోయేది. ఒకరోజు పెద్దమ్మ డెలివరీ డ్రైవరు గురించి, వాడు కాళ్ళకు బలపం కట్టుకుని తిరుగుతున్నాడమ్మా అంది. ఆమె కంగారుపడి, రాసే బలపమేనా, కాళ్ళకు ఎందుకు కట్టారు, దెబ్బ తగిలిందా అని అడిగింది.

ఇంజనీరు నవ్వాపుకోలేకపోయాడు. ఆమె మూతి ముడుచుకుంది. ఇద్దరికీ ఒకే రోగమని అప్పుడే తేలింది.

అలా ఒప్పందం కుదిరింది. భోజనాల వేళ ఆమె ఒక ఇంగ్లీషు మాట విప్పి చెప్పాలి, అతను దానికి సరిపోయే తెలుగు మాట వెతికిపెట్టాలి. ఎటూ తేల్చకుండా కంచె మీద కూర్చునేవాడి గురించి ఆమె చెబితే, అతను గోడ మీద పిల్లిని తెచ్చాడు. అంతా మొదటి గడికి వచ్చిందంటే ఏమిటో ఆమె వివరిస్తే, కథ మళ్ళీ మొదటికొచ్చింది అంటారని అతను చెప్పాడు. బాల్‌పార్క్‌కు 'ఉజ్జాయింపు' దొరికినప్పుడు ఆమె ఆ మాటను నోట్లో చాక్లెట్ పెట్టుకున్నట్టు అటూ ఇటూ తిప్పుకుంది.

"ఇంత మంచి మాట ఉండగా మేం మైదానం దాకా ఎందుకు వెళ్ళామంటారు?"

"మీకు జీతం ఇవ్వరు కదండీ మరి," అన్నాడు ఇంజనీరు.

కుట్టుపని చేసేవాళ్ళు మిషన్లు ఆపి వినడం మొదలుపెట్టారు. పెద్దమ్మ మాత్రం ఏమీ వినపడనట్టు తన క్యారేజీ తాను విప్పుకునేది. కాని ఆ అమ్మాయి వచ్చే రోజున తన చెల్లెలి కొడుక్కి ఇస్త్రీ చొక్కా ఎలా గుర్తొస్తోందో గమనించకపోలేదు.

ఒకనాడు పని ముగిశాక ఇంజనీరు ధైర్యం కూడదీసుకుని, వీధి చివర టీ బాగుంటుంది, వెళ్దామా అని అడిగాడు. ఆమె వాచీ చూసుకుంది. హెడ్డాఫీసు కాల్ ఉందట. నొచ్చుకుంటూనే, 'రెయిన్ చెక్' తీసుకుంటానని చెప్పి గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంజనీరుకు ఈ మాట మాత్రం విప్పి చెప్పనక్కర్లేదనిపించింది. రెయిన్ అంటే వాన. చెక్ అంటే తనిఖీ. గొడుగుల వాళ్ళతో మాట్లాడుతూ ఇంకేమంటారు? టీ సంగతి ఆమె పట్టించుకోలేదని మనసు చివుక్కుమన్నా, పని మీద శ్రద్ధ గల మనిషని సర్దిచెప్పుకున్నాడు. పైగా ఆమెకు చూపించాలనుకుంటున్న గొడుగు ఒకటి అతని దగ్గర ఉంది. ఎన్నాళ్ళుగానో ఊచల కీలు దగ్గర చిన్న స్ప్రింగు పెట్టి తంటాలు పడుతున్నాడు. గాలికి తిరగబడినా తనంతట తానే సర్దుకునే గొడుగది. సరే, వానలోనే చూపిద్దామనుకున్నాడు.

తీరా చూస్తే వాన ముఖం చాటేసింది. ముసురు ఎటు పోయిందో తెలియదు. ఇంజనీరు పొద్దున లేవగానే ఆకాశం చూసేవాడు, మధ్యాహ్నం డాబా ఎక్కి చూసేవాడు. విత్తనాలు చల్లినవాడు కూడా మబ్బుకోసం ఇంతగా చూడడురా అంది పెద్దమ్మ.

చివరికి ఒక మధ్యాహ్నం చినుకులు మొదలై జోరందుకున్నాయి. అతను తన పుస్తకపు ఇంగ్లీషులో వెంటనే మెసేజ్ పెట్టాడు: వాన పడుతోంది, చెక్ సిద్ధంగా ఉంది, దయచేసి రాగలరు. ఆమె టాక్సీలో వచ్చింది. సగం తడిసి, జుట్టు సర్దుకుంటూ, ఎప్పుడూ లేనిది పెదవులకు లేత రంగు వేసుకుని. ఆఫీసులో అతను లేడు. డాబా మీద ఉన్నాడన్నారు. వెళ్ళి చూస్తే గొడుగులన్నీ విప్పి పిట్టగోడ పొడవునా కట్టి ఉన్నాయి. మధ్యలో ఇంజనీరు, చేతిలో టార్చిలైటు పట్టుకుని ఒక్కో గొడుగు కిందా దూరి ఎక్కడ కారుతోందో వెతుకుతున్నాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. తర్వాత మొదలైన నవ్వు ఎంతకీ ఆగలేదు. నవ్వలేక తలుపు పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మొత్తానికి అర్థం చెప్పింది. ఇప్పుడు కుదరదు, మరోసారి తప్పకుండా వస్తానని చెప్పడమేనట.

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. "అంటే ఆ రోజు మీరు టీకి రానన్నారన్నమాట."

"ఆ రోజు రానన్నాను. ఎప్పటికీ రానని అనలేదు."

"దాన్ని మా దగ్గర 'చూద్దాంలే' అంటారండి."

"చూద్దాంలే అంటే రానని కదా?"

"పెద్దమ్మ ఆ మాటంటే రానని. నేనంటే వస్తానని."

ఆమె ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే గాలి విసిరి కొట్టింది. అతని చేతిలోని గొడుగు పువ్వులా వెనక్కి విచ్చుకుంది. ఒక్క క్షణం అలా ఉండి టప్‌మని మళ్ళీ యథాస్థానానికి వచ్చేసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. గొడుగు తన చేతికి తీసుకుని, గాలికి ఎదురు పెట్టి, మళ్ళీ తిరగబడనిచ్చి చూసింది. దీన్ని ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని నిలదీసింది. దీని కోసం తాను 'బ్యాటు పట్టుకుంటా'నంది.

ఇంజనీరు ఈసారి తొందరపడలేదు. "బ్యాటుతో ఎవరిని కొడతారండీ?"

"అవసరమైతే మా డైరెక్టర్‌ని. మీ తరఫున పోట్లాడతానని దానర్థం. పదండి, టీ చల్లారిపోతుంది."

టీ ఇంకా చెప్పనేలేదు. అయినా అతను పరుగున మెట్లు దిగాడు. ఒకే గొడుగు కింద వీధి చివరిదాకా వెళ్ళారు. అతని ఎడమ భుజం పూర్తిగా తడిసింది, ఆమె కుడి భుజం పూర్తిగా తడిసింది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు మాత్రం పొడిగా మిగిలింది. ఎంత గొప్ప గొడుగైనా ఇద్దరు బిడియస్తులను ఏం కాపాడుతుంది?

ఆమె నిజంగానే పోట్లాడింది. హెడ్డాఫీసుకు అప్పుడే కొత్త డైరెక్టరు వచ్చాడు. అదే కంపెనీకి వేరే దేశంలో ఉన్న శాఖనుంచి వచ్చిన పెద్దమనిషి. కార్ఖానా ఆఫీసులోనే కూర్చుని వీడియోలో ఆమె గాలిగొడుగు గురించి చెబుతుంటే అతను తల ఊపుతూ విని, ఆఖర్న సరే, దాన్ని 'టేబుల్' చేద్దామని చెప్పి కాల్ ముగించాడు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడమని, వచ్చే నెల పెద్ద మీటింగులో ఈ గొడుగు గురించే మాట్లాడుకుంటారని చెప్పింది. తాను చదువుకున్న చోట, మొదట పనిచేసిన ఆఫీసులో ఆ మాటను అందరూ అలాగే వాడేవారు. అనుమానమే రాలేదు. ఇంజనీరు చేయి పట్టుకుని ఊపేసింది. ఊపాక, పట్టుకున్నది చేయి అని గుర్తొచ్చి వదిలేసింది.

కార్ఖానాలో పండగ వాతావరణం. రంగురంగుల నమూనాలు చేయాలి. అదే సమయంలో ఒక బడివాళ్ళు పిల్లల గొడుగులకు ఆర్డరిస్తామన్నారు. రెండూ ఒకేసారి చేయడానికి చేతులు చాలవు. పెద్దమ్మ ఒక పూట ఆలోచించి, ఏదైతే అదైంది, వాడి గొడుగే చేద్దాం అని బడివాళ్ళకు మరోసారి చేసిస్తామని చెప్పేసింది.

మీటింగు రోజున నమూనాలన్నీ ఆఫీసు టేబుల్ మీద పేర్చారు. కుట్టుపనివాళ్ళు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. తెర మీద డైరెక్టరు వాటిని చూసి కనుబొమలు ఎత్తాడు. ఇదెందుకు వచ్చింది, దీన్ని మనం టేబుల్ చేశాం కదా అన్నాడు. అవును, చేశాం కాబట్టే తెచ్చామంది ఆమె. చేసినదాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చారన్నాడు ఆయన. తేకపోతే ఎలా చర్చిస్తామంది ఆమె. ఇద్దరూ ఒకే మాటను ఒకరి మీదికి ఒకరు విసురుకుంటున్నారు. ఆ మాటకు ఇద్దరి నోళ్ళలోనూ వేరు వేరు అర్థాలున్నాయని మొదట తట్టింది ఆమెకే. ఆమె ముఖంలో రంగు మారడం ఇంజనీరు పక్కనుంచి చూశాడు.

డైరెక్టరు మర్యాదస్తుడే. తమ దేశంలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడమని నెమ్మదిగా చెప్పాడు. ఈ సీజనుకు సరుకు ఎంపిక అయిపోయిందని, విచారిస్తున్నానని చెప్పి సెలవు తీసుకున్నాడు.

తెర నల్లబడింది. పెద్దమ్మే ముందు తేరుకుని, పోతే పోయింది, గొడుగు ఎక్కడికీ పోలేదు కదా, రండి భోంచేద్దాం అంది. ఆమె మాత్రం బ్యాగు తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రాలేదు. నల్ల గొడుగుల పని చూడటానికి ఎవరో కొత్త ఉద్యోగి వచ్చాడు. ఇంజనీరు మెసేజ్ పెడితే సమాధానం మెయిలులో వచ్చింది. డియర్ సర్ అని మొదలైంది. జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నానని, ఇకముందు ఈ ఖాతా తన సహోద్యోగి చూస్తారని, ఇట్లు భవదీయురాలు అని ముగిసింది. ఒక్క జాతీయం లేదు. టచ్ లేదు, బేస్ లేదు. అచ్చంగా అతని బడి పుస్తకంలోని ఇంగ్లీషు. ప్రతి మాటా అర్థమైంది. ఇంగ్లీషు ఇంత బాగా అర్థమై, ఇంత బాధపెట్టడం అతనికి అదే మొదటిసారి.

పెద్దమ్మ అతని చేతిలో ఫోను చూసింది, ముఖం చూసింది.

"ఏమంటోంది?"

"డియర్ సర్ అంటోంది."

"అంటే తిట్టా?"

"అంతకంటే ఎక్కువ."

"అయితే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావురా? వెళ్ళు."

మర్నాడే వెళ్ళాడు. అద్దాల భవనం. కిందనున్న రిసెప్షనిస్టు అతని చేతిలోని గొడుగును, బయట కాస్తున్న ఎండను మార్చి మార్చి చూసి పైకి పంపింది. ఆమె మీటింగు గదిలో ఒంటరిగా కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి, కూర్చోమనడం మరిచిపోయి నిలబడింది. ఇంకాసేపట్లో డైరెక్టరుతో కాల్ ఉందని, తన మాట నమ్మి వాళ్ళు బడి ఆర్డరు వదులుకున్నారని, పెద్దమ్మ ముఖం చూడలేకే రాలేదని పొడిపొడిగా చెప్పింది.

"మాట నేర్పినదాన్నే తప్పు చెప్పాను. ఇంక ఏ ముఖం పెట్టుకుని వస్తాను?"

"మన దేశంలో ఒక అర్థం, ఆయన దేశంలో ఒక అర్థం అయితే మీ తప్పేముందండీ?" అన్నాడు ఇంజనీరు. "నేనూ బేసులకు రంగు వేయించాను. మీరు రావడం మానేశారా?"

ఆమె జవాబు చెప్పేలోగా తెర వెలిగింది. డైరెక్టరు వచ్చేశాడు. ఇంజనీరు వెళ్ళిపోవలసినవాడు, వెళ్ళలేదు. తనకు ఒక్క నిమిషం ఇస్తారా అని ఆయన్ని అడిగాడు. తన పుస్తకపు ఇంగ్లీషులోనే, ఒక్కో వాక్యం తూచి తూచి చెప్పాడు. ఒక మాట వల్ల మనం ఒకరికొకరం అర్థం కాలేదని, మేడమ్ తప్పు లేదని, మీ తప్పూ లేదని, అందుకే మాటలు మానేసి గొడుగే చూపిద్దామని వచ్చానని. గొడుగు విప్పి చేత్తో గట్టిగా వెనక్కి వంచాడు. టప్‌మని సర్దుకుంది. టేబుల్ మీది కాగితాలు ఎగిరిపడ్డాయి.

డైరెక్టరు ముందుకు వంగాడు. మళ్ళీ చేయమన్నాడు. చేశాడు. ఇంకోసారి అన్నాడు. చేశాడు. ఆయన వెనక్కి వాలి నవ్వి, సరే, 'పైలట్' చేద్దామన్నాడు.

ఇంజనీరు ఆమెవైపు చూశాడు. ఆమె అతనివైపు చూసింది. ఇద్దరి కళ్ళలోనూ ఒకే భయం. ఆమె గొంతు సవరించుకుని, క్షమించండి, పైలట్ చేయడమంటే మీ ఉద్దేశం ఏమిటో విడమర్చి చెబుతారా అని అడిగింది. డైరెక్టరు ఒక క్షణం విస్తుపోయి, తర్వాత విషయం గ్రహించి గట్టిగా నవ్వాడు. పెద్ద మీటింగు అవసరం లేదని, ముందు కొన్ని దుకాణాల్లో పెట్టి చూద్దామని, అమ్ముడుపోతే మిగతా చోట్లకూ పంపుదామని తేటగా చెప్పాడు. ఈ పని మాత్రం ఆమె సహోద్యోగే చూస్తాడని, ఆమె కోరిక ప్రకారం ఖాతా మార్చేశామని కూడా చెప్పి వెళ్ళిపోయాడు.

సంతోషపడాల్సిన ఇంజనీరు అక్కడే ఆగిపోయాడు. "మీ కోరిక ప్రకారమా? ఇంకా ఎందుకండీ? గొడవ తీరిపోయింది కదా."

ఆమె ఎగిరిపడ్డ కాగితాలు ఏరుకుంటోంది. "అది సిగ్గుపడి అడిగింది కాదు. ఆ మీటింగుకు ముందే అడిగాను. కారణం కూడా రాసిచ్చాను."

"ఏమని?"

"కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్."

"అంటే?"

"ఇన్నాళ్ళూ నేర్చుకున్నారుగా. మీరే చెప్పండి."

ఇంజనీరు గొడుగు పిడి తిప్పుతూ ఆలోచించాడు. "ఇంట్రెస్ట్ అంటే వడ్డీ. అది కాదు. ఇంకో అర్థం... ఇష్టం. కాన్‌ఫ్లిక్ట్ అంటే పేచీ. ఇష్టంతో వచ్చిన పేచీ." తలెత్తాడు. "మళ్ళీ మాటకు మాట పెట్టేశాను. తప్పు కదండీ?"

ఆమె కాగితాలు ఏరడం ఆపింది. కాని తలెత్తలేదు.

"ఈసారి తప్పు లేదు," అంది. "సరుకు ఇచ్చే మనిషి మీద ఇష్టం కలిగితే, ఆ సరుకు మనం చూడకూడదు. ఆఫీసు రూలు."

ఇంజనీరుకు తెలిసిన ఇంగ్లీషంతా ఒక్కసారిగా సెలవు చీటీ రాసుకుని వెళ్ళిపోయింది. తెలుగు కూడా దాని వెనకే వెళ్ళబోతుంటే పట్టుకుని ఆపాడు.

"నాకూ ఉంది."

"ఏది? పేచీయా?"

"ఇష్టం. దీనికి ఏ దేశంలోనూ ఇంకో అర్థం లేదండి."

అప్పుడు తలెత్తింది. ఇన్నాళ్ళూ అతన్ని ఏడిపించిన మనిషి, ఏరిన కాగితాలన్నీ మళ్ళీ నేల మీద జారవిడిచింది.

వానలు మళ్ళీ పట్టేసరికి గాలిగొడుగులు దుకాణాల్లోకి వెళ్ళాయి. బాగానే కదిలాయి. బడివాళ్ళూ తిరిగొచ్చారు. ఆ రోజుల్లోనే ఆమె అమ్మానాన్నలు కార్ఖానా చూసే నెపంతో పిల్లవాణ్ణి చూడటానికి వచ్చారు. ఆమె అమ్మా, పెద్దమ్మా మధ్య అంతస్తులో కూర్చుని, పది నిమిషాల్లో చిన్ననాటి స్నేహితురాళ్ళలా కలిసిపోయారు. నాన్న మాత్రం పెద్దగా మాట్లాడకుండా అంతస్తులన్నీ తిరిగారు. ఇంజనీరు వెనకే నడుస్తూ, అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పాడు. ఉక్కు ఎక్కడిది, గుడ్డ ఎక్కడిది, స్ప్రింగు ఎన్నాళ్ళు మన్నుతుంది. ఆయన అన్నిటికీ ఊఁ కొట్టారు. చివరికి మెట్ల మలుపులో ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"మా అమ్మాయికి కోపం వస్తే ఇంగ్లీషులో వస్తుంది. తెలుసా బాబూ?"

"తెలుసండి. అర్థం కాకపోతే అడుగుతాను."

ఆయన అతని భుజం మీద చేయి వేశారు. "అదే చేయకు. అర్థాలు కోపం తగ్గాక అడగాలి. నేను పెళ్ళయిన చాలా ఏళ్ళకు గాని తెలుసుకోలేదు."

పైమెట్టు మీద ఆమె ఉందని ఇద్దరూ చూడలేదు. "నాన్నా," అంది ఆమె, చేతులు కట్టుకుని. ఆయన ఏమీ ఎరగనట్టు స్ప్రింగు గురించి అడుగుతూ కిందికి దిగిపోయారు.

ఇంజనీరు కూడా అదే పని చేద్దామనుకున్నాడు గాని ఆమె పైనుంచే ఆగమంది. నాన్న మాటకు మీరు నవ్వారా అని అడిగింది. నేను నవ్వలేదండీ అన్నాడు. మీరు నవ్వడం నేను చూశానండీ అంది. మీరు పొరబడ్డారండీ అన్నాడు.

కింద పెద్దమ్మ కత్తెర ఆగిపోయింది.

"ఒరేయ్, ఇంక ఆ అండీలు, మీరులు ఆపుతారా లేదా? రేపో మాపో పెళ్ళి పెట్టుకుని ఈ మర్యాదలేమిటమ్మా? వినలేక చస్తున్నాం. మేం పెద్దవాళ్ళం ముగ్గురమూ ఒప్పుకున్నాం. ఇకనుంచి ఒకరినొకరు నువ్వు అనుకోండి."

ఒప్పుకున్నారని వాళ్ళకు తెలియడం అప్పుడే. ఆమె ఒక మెట్టు కిందికి దిగింది.

"నువ్వు నవ్వావు," అంది మెల్లగా, ఆ మాట ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు.

ఇంజనీరు ఒప్పేసుకున్నాడు.